1969 చెవ్రొలే సి10 పికప్: మూడు వైపర్ స్విచ్‌లలో దీనికి సరైనది ఏది?

ప్రశ్న: పాతక్యాబ్

నా దగ్గర 1969 మోడల్ చెవ్రొలే సి10 పికప్ ఉంది. క్యాబ్ లోపలి పని దాదాపు పూర్తయింది, డాష్‌బోర్డుకు రంగు కూడా కొత్తగా వేయించాను. మిగిలిన పనుల్లో అన్నిటికంటే చిన్నదనుకున్న వైపర్ స్విచ్ మాత్రం రెండు వారాలుగా నన్ను కదలనివ్వడం లేదు. బండిని అమ్మినవారు దానితో పాటు ఒక అట్టపెట్టె నిండా విడిభాగాలు ఇచ్చారు. డాష్‌బోర్డులో వైపర్ స్విచ్ ఉండవలసిన రంధ్రం ఖాళీగా ఉంది, దాని వెనుక వైర్ల ప్లగ్ వేలాడుతోంది. పెట్టెలో వెతికితే ఒకటి కాదు, మూడు స్విచ్‌లు దొరికాయి. ఏది ఏ బండిదో చెప్పే మాట మూడింటి మీదా ఒక్కటీ లేదు.

మొదటి స్విచ్ ఇనుప రేకు బాడీతో ఉంది, వెనుక వైర్లు తగిలించే టెర్మినల్ పలకలు ఉన్నాయి, నాబ్‌కు ఆఫ్ కాకుండా రెండు స్థానాలు ఉన్నాయి. రెండోది చూడడానికి దాని కవల సోదరుడిలా ఉంది కానీ వెనుక ఒక పలక ఎక్కువ, పైగా నాబ్‌ను లోపలికి నొక్కితే స్ప్రింగు మీద దిగి, వదిలితే పైకి వస్తుంది. మూడోదాని వెనుక భాగం బేకలైట్‌తో (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) చేసింది, టెర్మినళ్ల అమరిక పూర్తిగా వేరు, దాని మీద "సి8టిబి" అనే అక్షరాలతో మొదలయ్యే ఒక సంఖ్య అచ్చై ఉంది. విచిత్రమేమిటంటే మూడోదే డాష్‌బోర్డు రంధ్రంలో అన్నిటికంటే చక్కగా కూర్చుంటోంది.

ఇగ్నిషన్ తాళం తిప్పి, ఆ వేలాడే ప్లగ్‌లోని వైర్లను మీటర్‌తో చూశాను. ఒకటి కాదు, రెండు వైర్లలో 12 వోల్టులు కనిపించాయి. స్విచ్‌కు రెండు చోట్ల నుంచి కరెంటు ఎందుకు వస్తుందో నాకు అర్థం కాలేదు. అసలు నా బండికి వాషర్ (అద్దం మీద నీళ్లు చిమ్మే ఏర్పాటు) ఉన్నదో లేదో కూడా నిర్ధారించుకోలేకపోయాను, ఎందుకంటే బానెట్ కింద నీళ్ల సీసా లేదు. ఈ మూడింటిలో ఏది బిగించాలో, బిగించే ముందు ఎలా పరీక్షించాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: బాడీఎర్త్

పాతక్యాబ్ గారూ, ముందుగా ఒక మనవి. మూడో స్విచ్‌ను రంధ్రంలో కూర్చోబెట్టి చూశారు, అంతవరకు ప్రమాదం లేదు. దానికి మీ ప్లగ్‌లోని వైర్లను మాత్రం కలపకండి. రంధ్రంలో పట్టినంత మాత్రాన అది మీ బండి స్విచ్ అయిపోదు. నాబ్, పట్టీ, మర వంటివి చాలా కంపెనీల స్విచ్‌లకు దగ్గర దగ్గరగా ఉంటాయి. స్విచ్ ఏ బండిదో తేల్చేది ముందు వైపు కాదు, వెనుక వైపు.

మీరు అడిగిన రెండు 12 వోల్టుల సంగతి మొదట చెబుతాను, ఎందుకంటే మిగతాదంతా అందులోనే ఉంది. ఆ కాలపు జనరల్ మోటార్స్ (చెవ్రొలే మాతృసంస్థ) ట్రక్కుల్లో వైపర్ మోటారుకు కరెంటు స్విచ్ ద్వారా వెళ్లదు. ఇగ్నిషన్ తిప్పగానే ఫ్యూజు నుంచి నేరుగా మోటారుకే వెళుతుంది. మోటారు నుంచి బయటికి వచ్చే వైర్లను బాడీకి ఎర్త్ చేయడం, అంటే బండి ఇనుము ద్వారా బ్యాటరీ నెగెటివ్‌కు కలపడం మాత్రమే డాష్‌బోర్డులోని స్విచ్ పని. అంటే మనం ఇళ్లలో చూసే స్విచ్ వచ్చే దారిని మూస్తుంది, ఇది పోయే దారిని మూస్తుంది. స్విచ్ తీసేసి ఉన్నప్పుడు మోటారు చుట్ల గుండా వచ్చిన వోల్టేజి పోవడానికి దారిలేక ఆ వైర్ల చివర నిలబడి ఉంటుంది, మీటర్ పెట్టగానే 12 చూపిస్తుంది. మీరు చూసినది స్విచ్‌కు వచ్చే సరఫరా కాదు, మోటారు దాటి వచ్చి ఎర్త్ కోసం ఎదురుచూస్తున్న వోల్టేజి. ఇక్కడ పొరబడి, "రెండు సరఫరా వైర్లు ఉన్నాయి" అనుకుని వైరింగ్ అంతా విప్పేసినవారిని నేను ఎరుగుదును. మొదటి బండి విషయంలో నేనూ వారిలో ఒకణ్ణి.

ఇప్పుడు రెండు వేగాల సంగతి. ఈ మోటారులో ఫీల్డు చుట్లు (అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించే తీగ చుట్లు) రెండు రకాలు, ఒకటి సిరీస్, అంటే తిరిగే భాగంతో వరుసగా కలిసేది, మరొకటి షంట్, అంటే వేరే దారిలో సమాంతరంగా కలిసేది. నెమ్మది స్థానంలో స్విచ్ రెండు వైర్లనూ ఎర్త్ చేస్తుంది, షంట్ చుట్టలో పూర్తి కరెంటు పారుతుంది. వేగం స్థానంలో షంట్ వైరును స్విచ్ వదిలేస్తుంది. అప్పుడు ఆ చుట్ట కరెంటు మోటారు మీదనే ఉన్న సుమారు 20 ఓమ్‌ల రెసిస్టర్ గుండా వెళ్లవలసి వస్తుంది, అయస్కాంత క్షేత్రం బలహీనపడుతుంది, మోటారు వేగంగా తిరుగుతుంది. దీనివల్ల వచ్చే వింతను గుర్తుపెట్టుకోండి: ఆ షంట్ వైరు ఎక్కడైనా తెగినా, స్విచ్‌లో దాని కాంటాక్టు తుప్పు పట్టినా వైపర్ ఆగదు, నెమ్మదించదు, ఎప్పుడూ వేగంగానే తిరుగుతుంది. లోపం వల్ల వేగం పెరగడం వినడానికి వింతగా ఉన్నా ఇక్కడ జరిగేది అదే.

కాబట్టి మీ స్విచ్‌లను బండికి దూరంగా, బల్ల మీదనే పరీక్షించండి. మీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి, ఒక కొసను స్విచ్ ఇనుప బాడీకి గట్టిగా ఆనించండి, ఆ చోట రంగు గాని తుప్పు గాని ఉంటే గీకండి. రెండో కొసను ఒక్కొక్క పలక మీద పెడుతూ నాబ్‌ను తిప్పి చూడండి. ఆఫ్‌లో ఏ పలకకూ బాడీతో సంబంధం ఉండకూడదు. నెమ్మది స్థానంలో రెండు పలకలు బాడీతో కలవాలి. వేగం స్థానంలో వాటిలో ఒకటే మిగలాలి. వాషర్ ఉన్న స్విచ్ అయితే అదనపు పలక నాబ్ నొక్కి ఉంచినంతసేపే బాడీతో కలిసి, వదలగానే విడిపోవాలి. ఇలా ప్రవర్తించేది మీ మోటారుకు సరిపోయే కుటుంబానికి చెందినది. నాబ్‌ను ఎక్కడ పెట్టినా బాడీతో ఏ పలకా కలవకపోతే అది సరఫరా దారిని మార్చే రకం, ఈ బండిది కాదు. అటువంటి దాన్ని ఇక్కడ పెడితే మోటారు అసలు తిరగకపోవచ్చు, లేదా వైరు తప్పు చోట కలిసి ఫ్యూజు పోవచ్చు.

వాషర్ ఉన్నదా లేదా అన్నది సీసాను బట్టి నిర్ణయించకండి. సీసాలు ఎప్పుడో పగిలిపోయి ఉంటాయి. బానెట్ ఎత్తి వైపర్ మోటారు దగ్గరికి వెళ్లండి. ఈ ట్రక్కుల్లో వాషర్ పంపు వేరే మోటారు కాదు, వైపర్ మోటారుకే అతుక్కుని దాని గేరుతోనే నడిచే యాంత్రిక పంపు. దాని మీద రబ్బరు గొట్టాలు తొడిగే ముక్కులు, విడిగా ఒక చిన్న ప్లగ్ ఉంటాయి. నాబ్ నొక్కినప్పుడు ఒక చిన్న రిలే (కరెంటుతో పనిచేసే మీట) పనిచేసి పంపును కలుపుతుంది, అంతే. అందుకే నొక్కగానే ఆ నాబ్ వైపర్‌ను కూడా నెమ్మది స్థానంలోకి నెట్టేస్తుంది, వైపర్ తిరగకపోతే పంపు తిరగదు మరి. నీళ్లు చిమ్మడం అయిపోయాక వైపర్ దానంతట అది ఆగదు, చేత్తోనే ఆపాలి. అది లోపమనుకుని స్విచ్ మార్చేవారు కూడా ఉన్నారు.

ఇంకొక్క మాట. మీ బండి నిజంగా 1969 మోడలేనా అన్నది కాగితాల మీద కాక చాసిస్ నంబరులో చూసుకోండి. 1967 నుంచి 1971 దాకా వచ్చిన ఈ చెవ్రొలే పికప్‌లలో ఆ నంబరులోని ఐదో స్థానం మోడల్ సంవత్సరపు ఆఖరి అంకె. మీదానికి 9 ఉండాలి. మొదటి అక్షరం సి అంటే వెనుక చక్రాలు మాత్రమే నడిచే బండి. రెండో అక్షరం ఇ అయితే వి8 ఇంజన్, ఎస్ అయితే ఆరు సిలిండర్లది. గ్లవ్ బాక్సు తలుపు లోపలి వైపున కర్మాగారం అంటించిన కాగితం మిగిలి ఉంటే అదృష్టమే, ఫ్యాక్టరీలో అమర్చిన అదనపు పరికరాలు అందులో రాసి ఉంటాయి.

జవాబు: నీలం ఎఫ్100

మూడో స్విచ్ గురించి నేను చెప్పగలను, ఎందుకంటే అది మా ఇంటి మనిషి. "సి8టిబి" అన్నది ఫోర్డ్ సంఖ్య. ఫోర్డ్ వారి పద్ధతిలో మొదటి అక్షరం దశాబ్దం: బి అంటే 1950లు, సి అంటే 1960లు, డి అంటే 1970లు. తర్వాతి అంకె ఆ దశాబ్దంలో ఏడాది, కనుక సి8 అంటే 1968. మూడో అక్షరం టి ట్రక్కును సూచిస్తుంది. నాలుగోది ఆ భాగాన్ని రూపొందించిన విభాగం, బి అంటే బాడీ విభాగం. ఆ నాలుగింటి తర్వాత వచ్చే మధ్య భాగమే అసలు పేరు. 17ఎ553 అని ఉంటే అది వైపర్ స్విచ్. చివరి అక్షరం మార్పులను, రకాలను చెబుతుంది.

ఇందులో రెండు మెలికలు ఉన్నాయి. మొదటిది, 1968 అన్నది ఆ భాగాన్ని గీసిన ఏడాది, బండి తయారైన ఏడాది కానవసరం లేదు. ఒకసారి గీసిన భాగాన్ని మార్చవలసిన అవసరం రాకపోతే తర్వాతి సంవత్సరాల బండ్లకూ అదే వాడతారు. రెండోది, భాగం మీద అచ్చైన సంఖ్యా, విడిభాగాల దుకాణానికి వచ్చే పెట్టె మీది సంఖ్యా ఒకటి కావు. పెట్టె మీద నాలుగో అక్షరంగా జెడ్ ఉంటుంది, ఆఖరి అక్షరం కూడా వేరై ఉండవచ్చు. ఆ తేడా చూసి "ఇది నకిలీది" అని మంచి స్విచ్‌ను తిప్పి పంపిన సంగతి నాకు తెలుసు. పంపినది నేనే కనుక బాగా తెలుసు.

బాడీఎర్త్ గారు చెప్పినట్టు ఈ స్విచ్ మీ బండికి పనికిరాదు. మా వాటిలో స్విచ్ కరెంటును తీసుకుని మోటారుకు పంచుతుంది. శాశ్వత అయస్కాంతపు మోటార్లలో మూడు బ్రష్‌లు (తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) ఉంటాయి. ఒకటి ఉమ్మడిది, ఒకటి నెమ్మదికి, పక్కకు జరిపి పెట్టిన మూడోది వేగానికి. ఏ బ్రష్‌కు కరెంటు పంపాలో స్విచ్ ఎంచుకుంటుంది. మీ చెవ్రొలే మోటారుకూ దీనికీ భాషే కలవదు. పారేయకండి, ఫోర్డ్ పికప్ బాగు చేసుకుంటున్న వారికి అది విలువైన వస్తువు.

మరొక సలహా: టెస్ట్ ల్యాంపు వాడే అలవాటు ఉంటే, దాని క్లిప్పును మామూలుగా బాడీకి తగిలించి మీ బండి స్విచ్‌ను పరీక్షించకండి. ఎర్త్ చేసే స్విచ్‌ను చూడాలంటే క్లిప్పు బ్యాటరీ పాజిటివ్‌కు పెట్టాలి. అప్పుడు స్విచ్ మూసినప్పుడు దీపం వెలుగుతుంది, తెరిచినప్పుడు ఆరుతుంది.

జవాబు: ఆరువోల్టులు

ఇంతకంటే పాత బండ్లు ఉన్నవారు కూడా దీన్ని చదువుతారు కనుక కొద్దిగా కలుపుతున్నాను. 1955 మార్చిలో కొత్త ఆకారం వచ్చేదాకా చెవ్రొలే పికప్‌లు 6 వోల్టులవి. ఫోర్డ్ పికప్‌లు 1955 దాకా 6 వోల్టులవే, పైగా వాటిలో బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి ఉంటుంది. 1956లో 12 వోల్టులకూ నెగెటివ్ ఎర్త్‌కూ మారాయి. ఆ కాలంలో వైపర్ చాలా బండ్లకు విద్యుత్తుతో కాదు, ఇంజన్ మానిఫోల్డు (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల) పీల్పుతో నడిచేది. డాష్‌బోర్డులో కనిపించే నాబ్ వెనుక వైర్లు ఉండవు, ఒక కేబుల్ ఉంటుంది, లేదా రబ్బరు గొట్టం వచ్చి చేరుతుంది. "నా స్విచ్‌కు టెర్మినళ్లు విరిగిపోయాయి" అని ఒకరు అడిగినప్పుడు చూస్తే, దానికి పుట్టుకతోనే టెర్మినళ్లు లేవు. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ నొక్కితే పీల్పు తగ్గి వైపర్ అద్దం మధ్యలో నిలబడిపోవడం ఆ బండ్ల స్వభావం, స్విచ్ తప్పు కాదు. వాషర్ కూడా కొన్నింటిలో కాలితో నొక్కే రబ్బరు పంపు, దానికి స్విచ్ వెతకవద్దు.

ప్రశ్నించినవారు: పాతక్యాబ్

అందరికీ కృతజ్ఞతలు. చాసిస్ నంబరులో ఐదోది 9 గానే ఉంది, రెండోది ఎస్. గ్లవ్ బాక్సు కాగితం మాత్రం ఎవరో గీకేశారు. మోటారు పక్కన పంపు ఉంది. ఎండిపోయిన గొట్టపు ముక్క ఒకటి ఇంకా దాని ముక్కుకు అతుక్కుని ఉంది. కాబట్టి వాషర్ ఉన్న బండే.

స్విచ్‌లను బల్ల మీద పెట్టి చూశాను. మొదటిది బాడీఎర్త్ గారు చెప్పినట్టే అచ్చంగా నడిచింది, కానీ వాషర్ లేదు. రెండోది కూడా అదే విధంగా నడిచింది, నొక్కితే అదనపు పలక బాడీతో కలిసింది. అయితే నెమ్మది స్థానంలో ఒక పలక సున్నా దగ్గర చూపించాల్సింది పోయి, మీటర్ ముల్లు 30, 40 ఓమ్‌ల మధ్య వణుకుతూ నిలిచింది. మూడోది బాడీతో ఏ స్థానంలోనూ కలవలేదు.

రెండోదాన్ని బిగించాను. నాబ్ తిప్పితే ఏమీ జరగలేదు, మోటారు చప్పుడు కూడా లేదు. బల్ల మీద పనిచేసిన స్విచ్ బండిలో ఎందుకు పనిచేయదు?

జవాబు: బాడీఎర్త్

డాష్‌బోర్డుకు కొత్తగా రంగు వేయించానని మీరు మొదటి పేరాలోనే రాశారు, అప్పుడే చెప్పి ఉండవలసింది. ఆ స్విచ్‌కు ఎర్త్ అందేది దాని బాడీ డాష్‌బోర్డు ఇనుముకు ఆనుకోవడం ద్వారానే. మీరు రంధ్రం అంచుల మీద కూడా మంచి మందమైన రంగు వేయించారు కనుక స్విచ్ ఇప్పుడు గాజు గదిలో కూర్చున్నట్టు ఉంది, రంగు కరెంటును దాటనివ్వదు. ఒక వైరు ముక్క తీసుకుని ఒక కొస స్విచ్ బాడీకి, మరో కొస క్యాబ్‌లో రంగు లేని ఏదైనా బోల్టుకు ఆనించండి. మోటారు తిరిగితే సమాధానం దొరికినట్టే. అప్పుడు రంధ్రం వెనుక వైపున, బయటికి కనబడని చోట, నట్టు కూర్చునే మేర రంగు గీకండి. ముందు వైపు ముట్టుకోనవసరం లేదు.

ఆ 30, 40 ఓమ్‌ల పలక సంగతి మరవకండి. అది షంట్ వైరుదైతే, ఎర్త్ కుదిరిన తర్వాత వైపర్ రెండు స్థానాల్లోనూ వేగంగా తిరుగుతుంది. లెక్కపెట్టి చూసుకోండి. అమెరికా ఫెడరల్ భద్రతా ప్రమాణం 104 ప్రకారం వైపర్‌కు కనీసం రెండు వేగాలు ఉండాలి: ఎక్కువ వేగం నిమిషానికి 45 ఆవృత్తాలకు తగ్గకూడదు, తక్కువ వేగం 20కి తగ్గకూడదు, రెండింటి మధ్య తేడా కనీసం 15 ఉండాలి. అద్దం తడిపి లెక్కించండి, పొడి అద్దం మీద లెక్క తప్పు వస్తుంది. బ్లేడు వెళ్లి వస్తే ఒకటి.

ప్రశ్నించినవారు: పాతక్యాబ్

వైరు ముక్క ఆనించిన క్షణంలో బ్లేడ్లు లేచాయి. రంగు గీకాను. ఆ తర్వాత అద్దం తడిపి లెక్కపెడితే మీరన్నట్టే జరిగింది, రెండు స్థానాల్లోనూ 66. స్విచ్‌ను మళ్లీ తీసి, కాంటాక్టు క్లీనర్ కొట్టి, నాబ్‌ను యాభై సార్లు అటూ ఇటూ తిప్పాను. మీటర్ సున్నాకు దిగింది. ఇప్పుడు నెమ్మదిలో 43, వేగంలో 66 వస్తున్నాయి.

వాషర్‌కు కొత్త సీసా, కొత్త గొట్టాలు పెట్టాను. నాబ్ నొక్కితే పంపు టకటకమంటోంది, నీళ్లు మాత్రం రాలేదు. సీసాలోకి వంగి చూస్తే అడుగు నుంచి బుడగలు వస్తున్నాయి. అంటే స్విచ్‌లో తప్పు లేదు, పీల్చే ముక్కుకూ చిమ్మే ముక్కుకూ గొట్టాలు తారుమారు చేసి తొడిగింది నేనే. మార్చి తొడిగాను. ఇప్పుడు నీళ్లు వస్తున్నాయి, అద్దం మీదికి కాదు, క్యాబ్ పైకప్పు మీదికి. నాజిల్‌ను ఎంత వంచవచ్చో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, పాత ఇత్తడి కనుక విరుగుతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: నీలం ఎఫ్100

శ్రావణంతో పట్టుకుని వంచకండి. నాజిల్ రంధ్రంలో సరిపోయే గుండుసూదిని దూర్చి, దాన్ని ఆసరాగా చేసుకుని వెంట్రుకవాసి చొప్పున కిందికి తిప్పండి. ఒకసారి తిప్పడం, ఒకసారి నొక్కి చూడడం. ధార బ్లేడు తుడిచే మేరలో పై భాగాన పడితే చాలు, బండి నడుస్తున్నప్పుడు గాలి దాన్ని ఎలాగూ కొద్దిగా కిందికి నెడుతుంది.